బండి – బాగోగులు: పాత ఇంజిన్ ముందు వైపు ఆయిల్ కారుతుంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో పాత ఇంజిన్ల ముందు భాగం నుంచి ఆయిల్ కారడం గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఇంజిన్ ముందు భాగం అంటే ఫ్యాన్ బెల్టు, పుల్లీలు, టైమింగ్ చైను గానీ బెల్టు గానీ ఉండే కొన అని పాఠకులు గమనించాలి. మారుతి 800 వంటి చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది కనుక ఆ కొన కారు ముందుకు కాక పక్కకు తిరిగి ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్ పెట్రోల్ కారును నేటికీ నడుపుతున్నాము. ఏడాదిగా ఇంజిన్ ముందు, కింది పుల్లీ దగ్గర ఆయిల్ కారుతోంది. మెకానిక్ అక్కడి ముందు సీలును (తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే వలయం) రెండుసార్లు మార్చాడు. మార్చిన ప్రతిసారీ నెల, నెలన్నర బాగుండి మళ్లీ మొదలవుతోంది. ఇప్పుడు ఇంజిన్ మొత్తం విప్పి బోరు (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయించాలంటున్నాడు. అంత ఖర్చు నిజంగా అవసరమా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అవసరమో కాదో ఇప్పుడే చెప్పలేము. ఎందుకంటే మీ ఉత్తరం ప్రకారం ఇంతవరకు జరిగినవి రెండు మరమ్మతులే తప్ప, ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందన్న పరీక్ష ఒక్కసారీ జరగలేదు. ఆయిల్ పైన పుట్టి కిందికి జారుతుంది. మీ కారులో ఇంజిన్ నిలువుగా ఉండి ఫ్యాన్ ముందు తిరుగుతుంది కాబట్టి, ముందు పుట్టిన తడిని ఆ గాలి వెనక్కు కొట్టి ఇంజిన్ పక్కలంతా పూస్తుంది. పుల్లీ మీద పడిన ఆయిల్‌ను తిరిగే పుల్లీ చుట్టూ చిమ్ముతుంది. కనుక చుక్క పడుతున్న చోటును చూసి సీలు పోయిందని తీర్మానించడం, వానకు ఇంట్లో నీరు కారిన చోట నేలను తవ్వడం వంటిది. వెతకవలసింది అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న తడిని.

ముందుగా కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా అని రూఢి చేసుకోండి. రాత్రి కారు కింద తెల్ల అట్టముక్క పరిచి, దాని మీద ముందు చక్రాల స్థానాన్ని పెన్సిలుతో గుర్తు పెట్టండి. తెల్లవారి ఆ మచ్చను చూస్తే రేడియేటర్ నీరైతే ఆరిపోయి తుప్పు రంగు గానీ ఆకుపచ్చ గానీ అంచు మిగులుతుంది. ఆయిలైతే ఆరదు, కాగితాన్ని పారదర్శకంగా చేస్తూ చుట్టూ పాకుతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి కారే గేర్ ఆయిల్‌కు ఘాటైన గంధకపు వాసన ఉంటుంది. ఆ వాసన ఒకసారి తెలిసినవారు మళ్లీ పొరబడరు.

తరువాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక ముందు భాగాన్ని కిరోసిన్, బ్రష్షుతో కడిగించండి. పెట్రోలుతో మాత్రం ఎన్నడూ కడగవద్దు. డిస్ట్రిబ్యూటర్‌ను, డైనమోను పాలిథిన్ సంచులతో కప్పండి. టైమింగ్ కవర్ అంచులు, పై మూత ముందు మూల, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ముందు అంచు, పుల్లీ వెనుక సందు, ఈ నాలుగింటిలోను పాత జిడ్డు మట్టి మిగలకుండా గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఆ పైన మామూలు ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసుకుని, పొడి బ్రష్షుతో ఆ భాగమంతా పలచగా చల్లండి. నేను నేటికీ ఖరీదైన రంగు ద్రావణాల కంటే ముందు దీనినే నమ్ముతాను. పౌడరు పట్టిన లోహం మీద ఆయిల్ ఊరిన చోట ముందు ఒక బూడిద రంగు చెమ్మ కనిపిస్తుంది. అది కాసేపటికి వెంట్రుకంత సన్నని గీతగా కిందికి దిగుతుంది. ఆ గీత పై కొనే మీరు వెతుకుతున్న చోటు. ఇంజిన్‌ను పదిహేను నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి, ఆపి, టార్చితో చూడండి. ఏమీ కనిపించకపోతే పది పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి మళ్లీ చూడండి. కొన్ని లీకులు ఇంజిన్ బాగా వేడెక్కి ఆయిల్ పలచబడితే తప్ప బయటపడవు. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ఇంజిన్ తిరుగుతుండగా మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చీర కొంగు ఏవీ ఫ్యాను దరిదాపులకు రాకూడదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకూడదు.

మీ ఇంజిన్ 1489 సీసీ ఇంజిన్. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ పేరుతో తయారైన వంశానికి చెందినది. దీని ముందు భాగంలో ఆయిల్ రాగల దారులు కొన్నే ఉన్నాయి. పై నుంచి చూస్తే మొదటిది పై మూత, అంటే మన షెడ్లలో టాపెట్ కవర్ అనేది. దాని కింద కార్క్ ప్యాకింగ్ ఉంటుంది, పైన రెండే నట్లు ఉంటాయి. ఆయిల్ చెమర్చగానే ఆ నట్లను ఇంకా బిగించడం అందరూ చేసే పని. అలా బిగిస్తే రేకు మూత మధ్యలో నొక్కుకుపోయి, మూలలు పైకి లేచి, లీకు పెరుగుతుంది. ముందు మూల నుంచి కారిన ఆయిల్ టైమింగ్ కవర్ మీదుగా జారి నేరుగా కింది పుల్లీ మీదికి చేరుతుంది. చూసినవారెవరైనా సీలే అనుకుంటారు. మూతను విప్పి గాజు పలక మీద బోర్లించి, అంచు చుట్టూ సందు ఉందేమో చూసి, వంకర ఉంటే సరిచేసి, కొత్త కార్క్ వేయాలి. ఆ తరువాత నట్లను ప్యాకింగ్ కొద్దిగా అణిగేవరకే బిగించాలి.

రెండవది టైమింగ్ కవర్ ప్యాకింగ్. మూడవది, చాలామంది మరిచేది, ఆ కవర్ వెనుక బ్లాకుకు బిగించి ఉండే ముందు ప్లేటు ప్యాకింగ్. కవర్ ఎన్నిసార్లు మార్చినా ఆ ప్లేటును కదపకపోతే దాని వెనుక నుంచి వచ్చే ఆయిల్ ఆగదు. పౌడరు గీత కవర్ అంచుకు వెనుకగా, ప్లేటుకూ బ్లాకుకూ నడుమ మొదలైతే సంగతి అదే. నాలుగవది చాంబర్ ముందు అంచున, బేరింగ్ క్యాపు దగ్గర వంపు తిరిగి కూర్చునే కార్క్ ముక్క. అది ఎండి కుంచించుకుపోతే కవర్ అడుగున మాత్రమే తడి ఉంటుంది, పైనంతా పొడిగా ఉంటుంది.

ఇవన్నీ పొడిగా ఉండి, తడి పుల్లీ మెడ వెనుక నుంచే మొదలై, చుట్టూ వలయంగా చిమ్మిన గుర్తు కనిపిస్తే అప్పుడు సీలును అనుమానించాలి. అయితే మీకు రెండు సీళ్లు వరుసగా పోయాయి. సరిగ్గా కూర్చున్న కొత్త సీలు నెలన్నరలో పోదు. పోయిందంటే సీలును పాడుచేస్తున్నది వేరే ఉంది, దానిని అలాగే వదిలి మూడవ సీలు వేసినా ఇదే గతి పడుతుంది. ఆ కారణాలు ముఖ్యంగా మూడు.

ఒకటి, పుల్లీ మెడ. సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుంటూ తిరగడం వలన ఉక్కు మీద కూడా గాడి పడుతుంది. పుల్లీని ఊడదీసి, మెడను శుభ్రంగా తుడిచి, వెలుతురులో పట్టుకుంటే మెరిసే సన్నని పట్టీ ఒకటి కనిపిస్తుంది. దానికి అడ్డంగా బొటనవేలి గోరును నెమ్మదిగా జరపండి. గోరు జారిపోతే భయం లేదు. గోరు అంచుకు తట్టుకుని ఆగితే ఆ మెడ మీద ఏ కొత్త సీలూ నిలవదు. గాడి లోతు తక్కువైతే సీలును కవర్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడాగా కూర్చోబెట్టి, పెదవి కొత్త లోహం మీద తిరిగేలా చేయవచ్చు. లోతు ఎక్కువైతే లేతు పనివారి దగ్గర మెడకు పలుచని స్లీవు వేయించాలి, లేదా గాడి లేని పుల్లీని వెతికి తేవాలి. గరుకు కాగితంతో రుద్దదలిస్తే చుట్టూ రుద్దాలే తప్ప పొడవునా రుద్దకూడదు. పొడవునా పడిన గీత ఒక్కటి చాలు, ఆయిల్‌కు కాలువ అవుతుంది.

రెండవది, కవర్ బిగించిన తీరు. ఈ ఇంజిన్‌లో టైమింగ్ కవర్ మడిచిన రేకు ముక్క. బోల్టు రంధ్రాలలో అది కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. ముందు కవర్ బోల్టులన్నీ బిగించి, ఆ తరువాత పుల్లీని దూరిస్తే సీలు ఒక వైపుకు నొక్కుకుని, ఇంకో వైపు వదులుగా ఉండిపోతుంది. నా ఉద్దేశంలో పనితనం తేడా తెలిసేది ఇక్కడే. సరైన పద్ధతి ఏమిటంటే, సీలు పెదవికి, పుల్లీ మెడకు ఆయిల్ రాసి, పుల్లీని తిప్పుతూ సీలులోకి దూర్చి, కవర్‌నూ పుల్లీనీ కలిపి క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) మీదికి ఎక్కించాలి. కవర్ తనంతట తాను మధ్యకు వచ్చిన తరువాతే బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. హ్యాండిల్ వేసి తిప్పే ఆ పెద్ద నట్టును చివర బిగించి, దాని కింద ఉండే వాషరు రేకును తిరిగి మడవాలి. కవర్ లోపల క్రాంకు గేరు ముందు పళ్లెం వంటి ఒక చిన్న డిస్కు ఉంటుంది. సీలు మీద ఆయిల్ వరదలా పడకుండా విసిరికొట్టడం దాని పని. అది ఎటు తిరిగి ఉందో విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి. పాత రకం కవర్‌కూ కొత్త రకం కవర్‌కూ ఆ డిస్కులు వేరు. ఒకదాని కవర్‌లో ఇంకొకదాని డిస్కు వేసినవారికి సీలు తప్పు ఏమీ లేకుండానే లీకు వస్తుంది.

మూడవది, బోరు మాట ఎత్తిన మీ మెకానిక్ మనసులో ఉన్నది, ఇంజిన్ లోపలి ఒత్తిడి. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువు కిందికి దిగి చాంబర్‌లో చేరుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ గొట్టం ఉంది. గొట్టం పట్టనంత వాయువు వచ్చినా, గొట్టమే మూసుకుపోయినా, ఆ ఒత్తిడి ఆయిల్‌ను బలహీనమైన సీలు గుండా బయటికి తోస్తుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో చూడకుండా బోరు చేయించడం నేను ఒప్పుకోను. ఆయిల్ పోసే మూత తీసి, ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా ఆ నోటి మీద పలుచని పాలిథిన్ ముక్కను ఉంచండి. అది కొద్దిగా అదిరినా అక్కడే కూర్చుంటే సరే. ఎగిరిపోతూ, నోటి నుంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే ఒత్తిడి ఎక్కువని అర్థం. అప్పుడు కూడా ముందు బ్రీదర్ గొట్టాన్ని విప్పి కిరోసిన్‌తో కడిగి, అవతలి కొన నుంచి గాలి ఊది చూడండి.

నా దగ్గరకు కొన్నేళ్ల క్రితం ఒక అంబాసిడర్ వచ్చింది. యజమాని కుటుంబం ఊళ్లో లేక ఆరు నెలలు షెడ్డులో నిలిచిన బండి. తిరిగి నడపడం మొదలుపెట్టిన వారంలోనే ముందూ వెనుకా అన్ని చోట్లా ఆయిల్ కారడం మొదలైంది. రెండు చోట్ల చూపిస్తే రెండు చోట్లా బోరు అన్నారట. బ్రీదర్ గొట్టం ఊడదీసి చూస్తే దాని కింది కొనలో కందిరీగ పెట్టిన మట్టిగూడు ఇటుక ముక్కలా గట్టిపడి ఉంది. ఇనుప తీగతో పొడిచి, కడిగి బిగించాము. పై మూత కార్క్ ఒక్కటి మార్చాము. ఆ బండికి బోరు అవసరం రాలేదు. అందుకే మీకు ఇంత విడమరచి రాస్తున్నాను. మీ గొట్టం శుభ్రంగా ఉండి కూడా పొగ అలాగే కొడుతుంటే, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి) కొలిపించండి. అంకెల మధ్య పెద్ద తేడా గానీ, అన్నీ బాగా తక్కువగా గానీ ఉంటే మీ మెకానిక్ మాట నిజమే. అప్పుడు ఖర్చుకు వెనుకాడకండి.

ప్రశ్న: కారే చోటు వెతికే ఓపిక లేనివారు చిక్కటి ఆయిల్ పోస్తే చాలదా? దుకాణంలో లీకు ఆపే మందు సీసా కూడా ఇస్తున్నారు.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీ బండి పుస్తకంలో 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ (ఇవి ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే గుర్తులు) వాడవచ్చని రాసి ఉంటే, వేసవిలో రెండవది, అంటే వేడిలో ఎక్కువ చిక్కగా ఉండేది, పోయడంలో తప్పు లేదు. చెమర్చే లీకు దానితో కొంత తగ్గవచ్చు కూడా. పుస్తకం చెప్పిన దానికంటే చిక్కనిది పోస్తే ఉదయం స్టార్టు చేసినప్పుడు ఆయిల్ పై భాగానికి చేరడం ఆలస్యమై, లీకు కంటే పెద్ద నష్టం జరుగుతుంది. మందు సీసా ఎండిన రబ్బరును కొంత మెత్తబరుస్తుంది. చిరిగిన సీలును, గాడి పడిన పుల్లీని, నలిగిన కార్క్‌ను అది బాగు చేయలేదు. అమ్మేవారు ఏం చెప్పినా నేను దానిని సిఫారసు చేయను. వెతకడానికి వీలయ్యే వరకు ప్రతి 500 కిలోమీటర్లకూ డిప్ స్టిక్ చూసి తగ్గింది పోసుకుంటూ, ఎంత పోశారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ లెక్క రేపు మెకానిక్‌కు ఎంతో ఉపయోగపడుతుంది. ఆయిల్ సైలెన్సర్ గొట్టం మీద పడి కాలిన వాసన వస్తుంటే మాత్రం వాయిదా వేయకండి, అది నిప్పు అంటుకునే ప్రమాదం.

ప్రశ్న: మాది 1998 మారుతి 800. టైమింగ్ బెల్టు కవర్ అడుగు నుంచి ఆయిల్ కారుతోంది. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) సీలు అని ఒకరు, క్రాంక్ సీలు అని ఒకరు, ఆయిల్ పంపు అని ఇంకొకరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముగ్గురిలో ఎవరైనా సరైనవారు కావచ్చు, ఎందుకంటే ఆ మూడూ ఒకే కవర్ వెనుక ఉన్నాయి. బెల్టు కవర్ పై భాగాన్ని విప్పి, పై పుల్లీ వెనుక టార్చి వేసి చూడండి. అక్కడే తడి ఉంటే క్యామ్ సీలు, లేదా దాని పైన ఉన్న వాల్వు మూత ప్యాకింగ్ మూల. వేలితో తడిమితే మూత అంచు పొడిగా, దాని కింద తడిగా ఉంటే మిగిలింది క్యామ్ సీలే. పైన అంతా పొడిగా ఉండి కింద మాత్రమే తడి ఉంటే విషయం క్రాంకు దగ్గరిది. మీ ఇంజిన్‌లో ఆయిల్ పంపు క్రాంకు ముందు కొనకే అమరి ఉంటుంది. క్రాంకు సీలు ఆ పంపు బాడీలోనే కూర్చుంటుంది. కాబట్టి పుల్లీ, పళ్లచక్రం తీసిన తరువాత తడి సీలు పెదవి దగ్గర వలయంగా ఉందా, పంపు బాడీ అంచు వెంట గీతగా ఉందా అన్నది చూస్తే తేలిపోతుంది.

ఏది తేలినా, ఆయిల్ తగిలిన టైమింగ్ బెల్టును తుడిచి మళ్లీ వేయించుకోవద్దు. ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి పళ్లు వదులవుతాయి. నడిరోడ్డు మీద బెల్టు తెగితే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కవర్ విప్పిన కూలి ఎలాగూ ఇస్తున్నారు కనుక రెండు సీళ్లు, బెల్టు, టెన్షనర్ ఒకేసారి మార్పించండి. పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకిలించేటప్పుడు షాఫ్టుకు గీత పడకుండా దగ్గర నిలబడి చూడండి. ఆ ఒక్క గీతతో కొత్త సీలు మొదటి రోజే కారుతుంది. గేర్‌బాక్సు వైపు కొనలో తడి ఉంటే అది వేరే లీకు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర వెతకాలి. రెండింటినీ కలిపి ఒకటే అనుకోవద్దు.

ప్రశ్న: ఘాట్ రోడ్డు మీద తిరిగే పాత డీజిల్ సుమో నాది. ముందు భాగంలో ఒక పక్క, ఆల్టర్నేటర్ చుట్టూ ఆయిల్ పేరుకుపోతోంది. క్రాంకు సీలు మార్పించినా తగ్గలేదు. ఈ మధ్య బ్రేకు కూడా గట్టిగా తొక్కవలసి వస్తోంది. రెండింటికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: ఉంది, ఈ ఉత్తరాలన్నిటిలో అత్యవసరమైనది మీదే. బ్రేకు బూస్టర్‌కు (పెడల్ తొక్కే బలాన్ని పెంచే భాగానికి) కావలసిన వాక్యూమ్‌ను పెట్రోల్ ఇంజిన్ ఇచ్చినట్లు డీజిల్ ఇంజిన్ తనంతట తాను ఇవ్వదు. అందుకే మీ వంటి బండ్లలో ఆల్టర్నేటర్ వెనుక కొనకే చిన్న వాక్యూమ్ పంపు బిగించి ఉంటుంది. ఆ పంపు తిరగడానికి ఇంజిన్ ఆయిల్ కావాలి. అది ఒక సన్నని గొట్టం ద్వారా వస్తుంది, ఇంకొక లావు గొట్టం ద్వారా చాంబర్‌కు తిరిగి వెళుతుంది. ఆ గొట్టాల రబ్బరు వేడికి పగిలినా, క్లిప్పులు వదులైనా, పంపు సీలు పోయినా ఆయిల్ ఆల్టర్నేటర్ మీదికి వస్తుంది. క్రాంకు సీలుతో దానికి పని లేదు.

ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, గట్టిపడిన పెడల్ మీద కాలు ఉంచి ఇంజిన్ స్టార్టు చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే పంపు గానీ, దాని నుంచి బూస్టర్‌కు వెళ్లే గొట్టం గానీ, బూస్టర్ గానీ పనిచేయడం లేదు. ఈ పరీక్షలో తేడా వస్తే బాగుచేయించే వరకు బండిని ఘాట్ రోడ్డు మీదికి తీసుకువెళ్లవద్దు, ప్రయాణికులను అసలే ఎక్కించుకోవద్దు. ఆయిల్ గొట్టాలు రెండింటినీ కొత్తవి వేయించి, పంపును విప్పి చూపించండి. ఆల్టర్నేటర్ లోపలికి ఆయిల్ దిగి ఉంటే బ్రష్షుల దగ్గర జిడ్డు పేరుకుని బ్యాటరీ చార్జింగ్ కూడా తగ్గుతుంది కనుక, అదే రోజు దానిని కూడా విప్పి కడిగించండి. బిగించిన తరువాత పైన చెప్పిన పెడల్ పరీక్షను మెకానిక్ షెడ్డులోనే, మీరు స్వయంగా కూర్చుని మళ్లీ చేసి చూసుకున్నాకే బండిని బయటికి తీయండి.